తడి మట్టిలో వాడిన వయొలెట్

సీతమ్మధార,
విశాఖపట్నం

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఫోటోలు రెండూ పెద్దవి చేసి చూశాను. తెల్లపూల మొక్క బాగానే ఉంది. ఊదాపూల దానికే ఆకులు కుండీ అంచు మీదుగా వేలాడిపోయాయి, మట్టి మాత్రం నల్లగా తడిగా ఉంది. ఆకు వాలగానే దాహమేమో అనుకుని మళ్ళీ నీళ్ళు పోసి ఉంటావు. ఇంక పొయ్యొద్దు. మట్టి ఎండి ఆకు వాలితే దాహం. మట్టి తడిగా ఉండి ఆకు వాలితే వేళ్ళు కుళ్ళాయన్నమాట, అవి నీళ్ళు పైకి లాగలేకపోతున్నాయి. మన ఊళ్ళో ఆఫ్రికన్ వయొలెట్లు ఎక్కువగా పోయేది ఇలాగే.

ఈ ఉత్తరం అందగానే ముందు ఆ కుండీ సంగతి చూడు. కుండీని పక్కకి వాల్చి, మొక్కను మట్టిగడ్డతో సహా బయటికి తియ్యి. వేళ్ళు తెల్లగా సన్న సేమ్యాలా ఉండి, లాగితే తెగకుండా ఉంటే పర్వాలేదు. పొడిగా ఉన్న కొత్త మట్టిలోకి మార్చి వదిలెయ్యి. గోధుమరంగుకు తిరిగి, చేతివేళ్ళ మధ్య నలిపితే పైపొర జారిపోతుంటే మాత్రం కొయ్యాలి. పదునైన బ్లేడును సర్జికల్ స్పిరిట్‌తో తుడుచుకో. కాండాన్ని కిందనుంచి బెండకాయ చక్రాల్లా పలచగా కోసుకుంటూ పైకి వెళ్ళు. ప్రతి కోతకీ నడిమధ్య చూడు. గోధుమరంగు చుక్క ఉన్నంతసేపూ కుళ్ళు ఇంకా పైకి ఉన్నట్టే. కోసిన ముఖమంతా లేతాకుపచ్చగా, శుభ్రంగా కనిపించిన చోట ఆగు. నడుమ ఉన్న అయిదారు చిన్నాకులు ఉంచి, మిగతావి తొడిమతో సహా తీసెయ్యి. అరగంట నీడలో ఆరనిచ్చి, తడి పిండేసిన పెర్లైట్ (తెల్లటి తేలిక రాతిగుళికలు), కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) మిశ్రమం మీద కూర్చోబెట్టి, కుండీ మొత్తాన్ని పారదర్శకమైన కవర్లో కట్టు. ఎండ తగలని వెలుతురులో నాలుగు వారాలు ఉంచాలి. కవరు లోపల నీటిబొట్లు కారుతుంటే రోజూ కాసేపు మూతి విప్పు. కొత్త చిగురు కదిలిందంటే వేరు పట్టినట్టే. కోస్తూ పోతే గోధుమరంగు చిగురు దాకా వెళ్ళిపోయిందనుకో, ఆ మొక్క మీద ఆశ వదులుకుని, గట్టిగా ఉన్న బయటి ఆకులు దాచు. వాటితో కొత్త మొక్కలు చేసుకోవచ్చు.

ఎందుకింత సుకుమారమో తెలిస్తే మిగతా పనులన్నీ నీకే తోస్తాయి. ఇది టాంజానియాలో ఉసంబారా కొండల మొక్క. అడవి నీడలో, రాతి సందుల్లో, నాచు మీద పేరుకున్న పిడికెడు ఆకుమట్టిలో పెరుగుతుంది. 1892లో అక్కడున్న జర్మన్ అధికారి సెయింట్ పాల్ దీన్ని చూసి జర్మనీలో ఉన్న తండ్రికి పంపాడు. మరుసటి ఏడు వెండ్లాండ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆయన పేరు మీదే దీనికి సెయింట్‌పాలియా అని పేరు పెట్టాడు. ఇప్పుడు శాస్త్రవేత్తలు దీన్ని స్ట్రెప్టోకార్పస్ అనే ప్రజాతిలో కలిపేశారు. రాతి సందులో నీళ్ళు నిలవవు, జారిపోతాయి. వేళ్ళకి తడీ గాలీ రెండూ కలిసి అందుతాయి. దానికి కావలసింది అదే.

అందుకని ఎర్రమట్టి, పశువుల ఎరువు దీనికి వద్దు. ఆ మిశ్రమం మందారానికి ఎంత మంచిదో దీనికి అంత చెడ్డది. తడిస్తే అణిగిపోయి గాలి ఆడనివ్వదు. గ్లాసు కొలతతో రెండు గ్లాసుల కోకోపీట్, రెండు గ్లాసుల పెర్లైట్, ఒక గ్లాసు వర్మిక్యులైట్ (తడి పట్టి ఉంచే, అభ్రకంలాంటి ఖనిజపు పలుకులు) కలుపు. కోకోపీట్‌ని నేరుగా వాడకూడదు, దానిలో ఉప్పు ఉంటుంది. బకెట్లో నానబెట్టి, పిండి, ఆ నీళ్ళు పారబోసి, ఇలా మూడుసార్లు చెయ్యి. పెర్లైట్ కలిపే ముందు కాస్త నీళ్ళు చిలకరించు, దాని దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. కలిపిన మట్టిని గుప్పిట్లో నొక్కి వదిలితే ముద్ద కట్టకుండా విడిపోవాలి.

కుండీ విషయంలో అందరూ పొరపాటు పడతారు, పెద్దది ఇస్తే మొక్క పెద్దదవుతుందనుకుంటారు. ఆకుల గుబురు మొత్తం వెడల్పులో మూడో వంతు ఉండాలి కుండీ మూతి. నీ మొక్కలు అటూ ఇటూ తొమ్మిది అంగుళాలు ఉన్నట్టున్నాయి, కాబట్టి మూడంగుళాల కుండీ చాలు. వేరు చేరని మట్టిలో తడి ఎండదు, అక్కడే కుళ్ళు మొదలవుతుంది. కింద కన్నాలున్న ప్లాస్టిక్ కుండీ కొను. పింగాణీది అందంగా ఉందని తెచ్చుకుంటే, దానిలో ఈ ప్లాస్టిక్ కుండీని పెట్టుకో, అంతేగానీ మొక్కను నేరుగా నాటకు.

నీళ్ళకి రోజులు లెక్కపెట్టకు. ఏప్రిల్‌లో మూడు రోజులకే ఎండే కుండీ వానాకాలంలో వారమైనా ఎండకపోవచ్చు. నీళ్ళు పెట్టిన రోజున ఒకసారి కుండీని చేత్తో ఎత్తి ఆ బరువు గుర్తుపెట్టుకో. తర్వాత రోజూ ఎత్తి చూడు. తేలికైపోయి, పైన అరంగుళం మట్టి వేలికి పొడిగా తగిలినప్పుడే పెట్టాలి. ప్లేటులో అంగుళం ఎత్తున నీళ్ళు పోసి దానిలో కుండీ నిలబెట్టు. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. మిగిలినవి పారబోయాలి. నీళ్ళు గది వేడిలోనే ఉండాలి. ఫ్రిజ్ నీళ్ళు వద్దు, మే నెల మధ్యాహ్నం ట్యాంకు నుంచి వచ్చే కాగిన నీళ్ళూ వద్దు. వెచ్చటి ఆకు మీద చల్లటి బొట్టు పడిందా, లోపలి కణాలు దెబ్బతిని పాలిపోయిన ఉంగరాలు ఏర్పడతాయి. ఆ మచ్చ ఇక పోదు. నీ తెల్లపూల మొక్క ఎడమ వైపు ఆకు మీద ఉన్నది అదే, తెగులు కాదు, మందేమీ కొట్టకు.

మీ మధురవాడ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళొస్తే వాటిని మొక్కకి వాడకు. తాగే క్యాన్ నీళ్ళు గానీ, వాన నీళ్ళు గానీ మంచివి. కుండీ అంచున తెల్లటి పొర కడితే అది ఉప్పే. ఆ అంచుకి ఆనుకున్న తొడిమ ముందు తుప్పురంగుకి తిరిగి, తర్వాత కుళ్ళి ఆకు రాలిపోతుంది. నెలకొకసారి కుండీని సింకులో పెట్టి, ఆకులు తడవకుండా పైనుంచి మట్టి మీద నీళ్ళు ధారగా పోసి, ఉప్పంతా కింది కన్నాల్లోంచి కారిపోనివ్వు. చాలామంది కింద డబ్బాలో నీళ్ళు పెట్టి వత్తితో అందిస్తారు. నువ్వు ఊరెళ్ళినప్పుడు అది పనికొస్తుంది గానీ, వత్తి నైలాన్‌దై ఉండాలి. దీపానికి వేసే పత్తి వత్తి మట్టిలో కుళ్ళిపోతుంది. మన ఊరి వానాకాలపు తేమలో వత్తి పద్ధతి నాకు నచ్చదు, మట్టి ఎప్పుడూ తడిగానే ఉండిపోతుంది.

వెలుతురు సంగతి. తూర్పు కిటికీ ఉంది కదా, దానికి పలచటి తెర వేసి, రెండడుగులు లోపలికి బల్ల మీద పెట్టు. మొక్కకు అడుగు ఎత్తున చెయ్యి పెడితే నీడ పడాలి, ఆ నీడ అంచులు మాత్రం మెత్తగా ఉండాలి. తొడిమలు సాగి ఆకులు పైకి చూస్తుంటే వెలుతురు చాలలేదన్నమాట, అలాంటి మొక్క పూయదు. ఆకులు పాలిపోయి, నడిచిగురు బిగుసుకుపోతే ఎక్కువైంది. సరిపడా రాకపోతే మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబు అడుగు ఎత్తున కట్టి పన్నెండు గంటలు వెలిగించు. రాత్రి మాత్రం ఎనిమిది గంటలు తగ్గకుండా చీకటి ఉండాలి. వారానికోసారి కుండీని పావువంతు తిప్పుతుండు, గుబురు గుండ్రంగా వస్తుంది. సముద్రం గాలి నేరుగా కొట్టే బాల్కనీలో పెట్టకు. నూగాకు కాబట్టి ఉప్పూ దుమ్మూ పట్టేస్తాయి. మెత్తటి రంగుల బ్రష్‌తో తొడిమ వైపు నుంచి కొసకి దులుపు.

దీనికి పద్దెనిమిది నుంచి ఇరవై ఏడు డిగ్రీలు హాయి. ముప్ఫై దాటితే మొగ్గలు మాడిపోతాయి. విశాఖలో మే నెల రాత్రులు కూడా చల్లబడవు, అసలు చిక్కు అక్కడే. అందుకని ఉగాది దాటాక వచ్చిన మొగ్గలు గిల్లెయ్యి, ఎరువు ఆపెయ్యి, లోపలి గదిలో ఫ్యాను గాలి తగిలేలా ఉంచు. ఏసీ ఉన్న గదైనా సరే, చల్లగాలి ముఖాన కొట్టకూడదు. రోహిణీ కార్తెలో మొక్క బతికుంటే చాలు, పూయలేదని బెంగ వద్దు. కార్తీకం నుంచి మాఘం దాకా దాని కాలం. అప్పుడు ఎరువు మళ్ళీ మొదలుపెట్టు. 19-19-19 పొడి (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండే ఎరువు) నాలుగు లీటర్ల నీళ్ళకు పావు టీస్పూను మించకూడదు, ప్రతి నాలుగోసారి ఉత్తి నీళ్ళు పెట్టాలి.

పురుగుల్లో నువ్వు కనిపెట్టాల్సింది ముఖ్యంగా పిండినల్లి. తొడిమ మొదట్లో దూది పింజలా ఉంటుంది, స్పిరిట్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో ఒక్కొక్కటీ తుడిచెయ్యి. రేకుల మీద పుప్పొడి రాలి ఉంటే తామర పురుగు చేరినట్టు, పూలన్నీ కోసి బయట పారెయ్యి. నడిచిగురు బూడిదరంగుకి తిరిగి ముడుచుకుపోతే కంటికి కనబడని నల్లి పట్టినట్టు. ఆ మొక్కను దాచుకోకు, కవర్లో కట్టి పారేసి చేతులు కడుక్కో. వానల్లో ఆకుల మీద తెల్లటి పొడిలా బూడిద తెగులు వస్తే గాలి ఆడటం లేదని తెలుసుకో.

ఆకు నుంచి మొక్క తీయడం తేలిక. మరీ ముదురు కాకుండా, మరీ లేత కాకుండా నడివరస ఆకు తెంపు. తొడిమ అంగుళం పొడవు ఉంచి, బ్లేడుతో ఏటవాలుగా కొయ్యి, కోసిన ముఖం పైకి ఉండేలా అరంగుళం లోపలికి గుచ్చు. కన్నాలు పెట్టిన టీ కప్పు చాలు, సగం కోకోపీట్, సగం పెర్లైట్. మూడు నాలుగు వారాలకు వేరు, రెండు మూడు నెలలకు ఆకు మొదట్లో ఎలుక చెవుల్లాంటి పిల్లాకులు. అవి రూపాయి బిళ్ళంత అయ్యాక విడదీసి, ఒక్కో కుండీలో ఒక్కో పిల్లనే నాటు. పెద్ద మొక్క పక్కన పిలక వస్తే కూడా తీసెయ్యాలి, రెండు గుబుర్లు పోటీ పడితే పూత తగ్గిపోతుంది.

ఆదివారం వచ్చేటప్పుడు తెల్లపూల మొక్క ఆకులు రెండు, తొడిమలకు తడి దూది చుట్టి జిప్ కవర్లో పెట్టి తీసుకురా. ఊదాది కోశాక మిగిలినవి కూడా తే, కుళ్ళు అంటనివి మాత్రమే. నీ వాటా కోకోపీట్ శనివారం రాత్రికి కడిగి ఉంచుతాను.

ఆశీస్సులతో
నాన్న