థర్మోడైనమిక్స్ పాఠం ఐస్ ఫ్యాక్టరీ దాకా రావాలి

సంపాదకులకు,

అయ్యా,

భీమవరం పరిసరాల్లో రొయ్యల పట్టుబడులు సాగే రోజుల్లో ఐసు కోసం తెల్లవారకముందే మా ఫ్యాక్టరీ వాకిట బండ్లు నిలబడతాయి. ఇటీవల అటువంటి ఒక ఉదయాన, ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో థర్మోడైనమిక్స్ (వేడికీ పనికీ ఉన్న సంబంధాన్ని చెప్పే శాస్త్రం) చదువుతున్న నలుగురు విద్యార్థులు మా యంత్రాలు చూడటానికి వచ్చారు. నలుగురూ మార్కులు బాగా తెచ్చుకునేవారే. మా యంత్రంలో అమ్మోనియా మరుగుతూ నీటిలోని వేడిని లాక్కుంటుంది, ఆ ఆవిరిని కంప్రెసర్ పీల్చి ఒత్తిడి పెంచుతుంది. కంప్రెసర్ ఆవిరిని పీల్చే (సక్షన్) వైపు ఒత్తిడి గేజి 1.35 బార్ చూపుతుంటే, లోపల అమ్మోనియా ఏ ఉష్ణోగ్రత దగ్గర మరుగుతోందో, ఏ ఒత్తిడి దగ్గర ఎంత ఉష్ణోగ్రతలో మరుగుతుందో చెప్పే పట్టిక చూసి చెప్పమన్నాను. సుమారు మైనస్ 27 డిగ్రీలన్నారు. సరైన జవాబు మైనస్ 15. గేజి చూపేది వాతావరణ పీడనానికి పైన ఉన్న ఒత్తిడిని మాత్రమే కనుక, మరో 1.01 కలిపి 2.36 బార్ దగ్గర పట్టిక చూడాలన్న సంగతి వారు చదవనిదేమీ కాదు. క్లాసులో చేసిన లెక్కలన్నిటిలోనూ ఆ కూడిక ముందే జరిగిపోయి ఉండటంతో, తాము చేయవలసి వస్తుందని వారికి తోచలేదు.

వేడితో నడిచే యంత్రాల సామర్థ్యానికి దాటరాని హద్దు ఉందని 1824లో ఫ్రెంచి ఇంజినీరు సాడీ కార్నో చూపాడు; వేడిని తోడే మా యంత్రాలకూ వర్తించే ఆ హద్దు మాకు ప్రతి నెలా కరెంటు బిల్లులో కనిపిస్తుంది. 30 డిగ్రీల నీటిని 100 కిలోలు ఐసుగా మార్చాలంటే సుమారు 46,000 కిలోజౌళ్ల వేడిని, అంటే దాదాపు 12.8 యూనిట్లకు సమానమైన వేడిని, బయటికి తోడాలి. అమ్మోనియా మైనస్ 15 దగ్గర మరిగి, వేడిని బయటికి వదిలే గొట్టాల అమరిక అయిన కండెన్సర్‌లో 40 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుతున్నప్పుడు, ఎంత గొప్ప యంత్రమైనా ఆ పనిని సుమారు 2.7 యూనిట్ల కన్నా తక్కువ కరెంటుతో చేయలేదు (మాది అంతకన్నా చాలా ఎక్కువే తింటుందని వేరే చెప్పనక్కర్లేదు). గొట్టాలకు సున్నపు పొర పట్టి ఆ 40 కాస్తా 45 అయితే, ఆ కనీసపు హద్దే దాదాపు 3 యూనిట్లకు చేరుతుంది. గొట్టాలు ఎప్పుడు కడిగించాలో మేము తేల్చుకునేది ఈ తేడాను బట్టే.

అందువల్ల, థర్మోడైనమిక్స్ మొదటి కోర్సు ఇంటర్నల్ మార్కుల్లో కొంత భాగాన్ని, దగ్గరలోని ఐస్ ఫ్యాక్టరీలోనో ఉప్పుడు బియ్యం మిల్లు బాయిలర్ దగ్గరో విద్యార్థి స్వయంగా తీసుకున్న కొలతల నివేదికకు కేటాయించాలని విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికా సంఘాలను కోరుతున్నాను. ఒక పూట వచ్చి, ఫొటో దిగి వెళ్లే యాత్ర సంగతి కాదు నేను చెబుతున్నది. చలికాలంలో ఒకసారి, ఎండలు ముదిరాక మరోసారి అవే రీడింగులు తీసుకుని పోల్చాలి.

అమ్మోనియా ప్రమాదకరమన్న అభ్యంతరం సరైనదే. అది లీకైన చోట ఊపిరాడదు. అందుకే జట్టులో ఐదుగురికి మించకూడదు, వెంట అధ్యాపకుడు, మా ఆపరేటర్ ఉండాలి, ఏ వాల్వు మీదా విద్యార్థి చెయ్యి పడకూడదు. లెక్కలు బయటివారికి చూపడానికి మా యజమానుల్లోనూ జంకు ఉంది. నా వరకు నేను, గేజి, ఉష్ణోగ్రత, మీటరు రీడింగులు రాసిపెట్టిన పుస్తకాన్ని ఏ కళాశాల అధ్యాపకుడు అడిగినా చూపడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక ఐస్ ఫ్యాక్టరీ యజమాని,
భీమవరం