ఇనాం రిజిస్టర్లు కోర్టు కేసులకేనా?

సంపాదకుల వారికి,

గుంటూరులో దస్తావేజులు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. మా నాన్నగారిదీ ఇదే పని. ఈమధ్య పొలం గొడవల కోసం కాకుండా, "మా ముత్తాత తండ్రి పేరు ఎక్కడైనా దొరుకుతుందా అండీ?" అని అడిగేవాళ్లు పెరిగారు. చాలామందికి ఊళ్లో ఇప్పుడు సెంటు భూమి కూడా లేదు. వాళ్లకు నేను చెప్పే మొదటి మాట, ఇనాం ఫెయిర్ రిజిస్టర్ చూడమని. ఇనాం అంటే పన్ను లేకుండానో, తక్కువ పన్నుతోనో ఇచ్చిన మాన్యం భూమి. ఆ భూముల వివరాలు ప్రభుత్వం రాయించిన పుస్తకమే ఈ రిజిస్టర్.

గుంటూరు సర్కారు, అంటే అప్పటి గుంటూరు ప్రాంతం, 1788లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. అంతకుముందు నవాబులు, ఆ తర్వాత వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు లాంటి జమీందార్లు ఇచ్చిన మాన్యాల్లో చాలావాటికి కాగితం లేదు. హక్కులు తేల్చడానికి మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసింది. భూమి ఎవరిచ్చారు, మొదట ఎవరికిచ్చారు, సన్నదు (దానపత్రం) ఉందా, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది, వాళ్ల వయసెంత, మొదటి ఇనాందారుకు ఏమవుతారు... ఇవన్నీ ఊరూరా రాయించి, కట్టుబడి (ఇనాం భూమికి కట్టాల్సిన తక్కువ పన్ను) నిర్ణయించి టైటిల్ డీడ్లు ఇచ్చారు. పేరు, వయసు, వరస మూడూ ఒకేచోట ఉండే ఇంత పాత రికార్డు నేనైతే ఇంకొకటి చూడలేదు.

ఇనాం అనగానే అగ్రహారాలే అనుకుంటారు. అది పొరపాటు. కరణం, మునసబులతో పాటు తలారి, వెట్టి, కమ్మరి, వడ్రంగి, మంగలి, చాకలి వృత్తులకూ మాన్యాలుండేవి. ఖాజీలకు ఉండేవి. చదువు దక్కనివ్వని కులాల కుటుంబాలకు తాతల పేర్లు రాసిపెట్టిన కాగితాలు ఎన్ని ఉంటాయి? అందుకే ఈ రిజిస్టర్లంటే నాకు అంత గౌరవం. తెనాలి వైపు గుడిలో సన్నాయి వాయించే కుటుంబం పెద్దాయన ఒకరు మాన్యం కేసు కోసం తెచ్చుకున్న నకలు నా చేత చదివించుకున్నారు. ఇంగ్లీషులో ఉంది. అందులో ఆయన తాతకు తాత పేరు, పక్కన వయసు, మొదట మాన్యం పొందినాయనకు మనవడని వరస. కేసు సంగతి పక్కనపెట్టి, ఆ నాలుగు ముక్కలూ వాళ్ల అక్కకు ఫోన్లో మళ్లీ మళ్లీ చదివించారు.

వెతికేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1859లో గుంటూరు జిల్లాను కృష్ణా జిల్లాలో కలిపేశారు. మళ్లీ 1904లో విడదీశారు. ఇనాం సెటిల్మెంట్ జరిగింది ఆ మధ్యకాలంలోనే. గుంటూరు పేరున వెతికి లేదనుకుని వెనక్కి వచ్చేయకండి, కృష్ణా పేరుతో కూడా అడగండి. పాత రికార్డుల్లో తేదీలు ఫసలీలో, అంటే జులైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరంలో, ఉండొచ్చు. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1270 అంటే 1860 జులై నుంచి 1861 జూన్ దాకా.

ఇక అధికారులకు నా విన్నపం. వంశం వివరాల కోసం నకలు కావాలని ఒక కార్యాలయంలో అడిగితే "కేసు నంబరెంత?" అన్నారు. కేసు లేదంటే దరఖాస్తే తీసుకోలేదు. నూటయాభై ఏళ్లు దాటిన రికార్డు చూడ్డానికి కేసు ఎందుకుండాలి? పుట తిప్పితే అంచులు రాలిపోతున్నాయి. వెంటనే స్కాన్ చేయించండి. ఊళ్ల పేర్లు తెలుగులోనూ, రిజిస్టర్లో ఉన్న పాత ఇంగ్లీషు స్పెల్లింగులోనూ సూచిక తయారుచేయించండి. బెజవాడ అని రాసి ఉన్నచోట విజయవాడ అని వెతికితే దొరకదు కదా.

ఇళ్లల్లో పాత టైటిల్ డీడ్లు ఉన్నవాళ్లు, భూమి అమ్మేశాం కదా అని పాత పేపర్లవాడికి వేయకండి. లామినేషన్ అసలే వద్దు, మళ్లీ ఊడదీయడం కుదరదు. శుభ్రంగా ఫొటో తీసుకుని, మడతలు విప్పి, నూలుగుడ్డలో చుట్టి పొడిచోట పెట్టండి. వెనకవైపు కూడా ఫొటో తీయండి. చేతులు మారినప్పుడు రాసిన పేర్లు చాలాసార్లు అక్కడే ఉంటాయి.

– ఒక దస్తావేజు లేఖరి, గుంటూరు