నా సంచిని కొలిచే చట్రం ఉంది, నా చోటును కొలిచేది ఏదండీ?

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారమండి. నేను మీ ఓటరునే, ఊరు పలాస, ఉద్యోగం బెంగళూరులో. విమానం లేటయిందనో, పండక్కి టికెట్ రేటు పెరిగిందనో రాయడం లేదు, అలాంటివి మీకు రోజూ వస్తూనే ఉంటాయి. ఇది విమానంలో సీటు కింద ఉండే జాగా గురించి. ఇది కూడా మంత్రికి రాసే విషయమా అని నాకే అనిపించి రెండు నెలలు ఊరుకున్నాను. మొన్న మా అమ్మ ఇక విమానం ఎక్కనని తేల్చి చెప్పేసింది, అందుకని రాయక తప్పలేదు.

జరిగింది చెప్తాను. అమ్మకు 69 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. పలాస నుంచి విశాఖ దాకా రైల్లో వచ్చి అక్కడ విమానం ఎక్కాం. పెద్ద సూట్‌కేసులు రెండూ కౌంటర్ దగ్గరే ఇచ్చేశాం, మనిషికి 15 కిలోల లెక్కన. ఇక చేతిలో అమ్మకు ఒక సంచి. అందులో బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు, కళ్ళజోడు, ఒక చీర, నా పవర్ బ్యాంకు, రెండు కిలోల జీడిపప్పు (పలాస మనిషి జీడిపప్పు లేకుండా ఊరు దాటదని మీకు నేను చెప్పాలా). నాకు ల్యాప్‌టాప్ బ్యాగు, ఒక చిన్న ట్రాలీ. గేటు దగ్గర ఇనుప చట్రం పెట్టి ట్రాలీని అందులో దింపి చూపించమన్నారు. దింపాను, పట్టింది. తూకం వేశారు, ఆరు కిలోల ఎనిమిది వందల గ్రాములు. హమ్మయ్య, పాసయ్యాం అనుకుని లోపలికి వెళ్తే పైన అరలన్నీ నిండిపోయి అప్పటికే మూతలు వేసేశారు.

సరే, అమ్మ సంచి ముందు సీటు కిందకి తోద్దామంటే సగంలో ఆగిపోయింది. వంగి ఫోన్ లైటు వేసి చూశాను. ఒక పక్క ఇనుప డబ్బా, చార్జింగ్ పాయింట్లకు కరెంటు ఇచ్చేది అట. ఇంకో పక్క సీటు కాలు. మిగిలిన కాస్త చోటులో పైనుంచి లైఫ్ జాకెట్ సంచి వేలాడుతోంది. ఆ సీటు నేను అదనంగా డబ్బు కట్టి తీసుకున్నది, అమ్మ కాళ్ళు చాపుకోవడానికి వీలుగా ఉంటుందని నడవా పక్కది.

చివరికి నా ట్రాలీకి 26వ వరుసలో చోటు దొరికింది, మేమున్నది తొమ్మిదిలో. అమ్మ సంచికి ట్యాగు కట్టి కింద లగేజీలోకి పంపిస్తామన్నారు. మందులున్నాయండీ అంటే, అయితే తొందరగా తీసేసుకోండి అంది ఆ అమ్మాయి. ఆమె తప్పేం లేదు పాపం, వెనకాల పాతిక మంది నిలబడి మమ్మల్నే చూస్తున్నారు. నేను నడవాలో మోకాళ్ళ మీద కూర్చుని మాత్రలు, కళ్ళజోడు వెతికి తీసి ఒక క్యారీ బ్యాగులో వేశాను. పవర్ బ్యాంకు లగేజీలోకి పోకూడదని నాకు తెలుసు కాబట్టి అదీ తీశాను, అందులో బ్యాటరీలు ఏమైనా ఉన్నాయా అని నన్ను ఎవరూ అడగలేదు. ఇదంతా చూసి అమ్మ ఒకటే మాట అంది: "ఏట్రా ఇది, మన పల్లె వెలుగు బస్సులో సీటు కింద బియ్యం బస్తా పట్టేస్తాది కదరా."

నేను అడగదలచుకున్నదీ అదేనండి. నా సంచిని కొలవడానికి చట్రం ఉంది. త్రాసు ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 115 సెంటీమీటర్లు దాటకూడదన్న లెక్క ఉంది, ఏడు కిలోల మీద ఒక్క కిలో ఎక్కువైతే డబ్బు కట్టించుకునే మనిషి ఉన్నాడు. ఆ ఏడు కిలోల సంచి పెట్టుకోవడానికి నాకిచ్చిన చోటు ఎన్ని సెంటీమీటర్లో మాత్రం టికెట్ మీద ఉండదు, వెబ్‌సైట్‌లో ఉండదు, ఆ విమానంలో పనిచేసే అమ్మాయికీ తెలియదు. రైల్వే వాళ్ళను ఎన్ని తిట్టుకున్నా, స్లీపర్‌లో 40 కిలోలు ఉచితం, పెట్టె 100, 60, 25 సెంటీమీటర్ల లోపు ఉండాలి అని రాసిపెట్టారు, బెర్తు కింద ఆ పెట్టె పడుతుంది కూడా.

చోటు ఎందుకు తగ్గిందో మీకు నాకన్నా బాగా తెలుసు, అయినా చదివేవాళ్ళ కోసం రాస్తున్నాను. ఎయిర్‌బస్ ఎ320 అంటే మన దగ్గర ఒకప్పుడు 180 సీట్లు. ఇప్పుడు చాలావాటిలో 186. విమానం పొడవు అంగుళం కూడా పెరగలేదు, వెనకాల టాయిలెట్లు, వంటగది కుదించి, సీట్ల వీపులు పలచన చేసి ఒక వరుస ఇరికించారు. దానికన్నా పొడవైన ఎ321లో 222 ఉన్నచోట 232 వేసినవీ ఉన్నాయి. వరుసకూ వరుసకూ మధ్య దూరం 28 నుంచి 30 అంగుళాలు. ఇదొక వైపు.

రెండో వైపు లగేజీ. చెక్-ఇన్‌లో ఉచితంగా ఇచ్చే బరువు తగ్గుతూ వచ్చింది, ఒకప్పుడు 20, 25 కిలోలు ఇచ్చినవాళ్ళు కూడా చవక టికెట్ మీద 15కి దిగారు. 2021 ఫిబ్రవరిలో మీ డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ), చెక్-ఇన్ లగేజీ లేకుండా వచ్చేవాళ్ళకు టికెట్‌లో తగ్గింపు ఇవ్వొచ్చని కూడా అనుమతించింది. మంచిదే, కాదనను. కానీ ఆ మనిషి సామాను లేకుండా రాడు కదండీ, దాన్నంతా మోసుకుని లోపలికి వస్తాడు. అమెరికాలో 2008లో పెద్ద కంపెనీలు మొదటి చెక్-ఇన్ బ్యాగుకు 15 డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టాక ఇదే జరిగింది, జనం బట్టలన్నీ క్యాబిన్ బ్యాగులోనే కుక్కి పైన అర కోసం పరుగులు పెట్టారు. ఇక మన శంషాబాద్‌లో విమానం ఎక్కేవాళ్ళ చేతుల్లో బిర్యానీ పార్శిళ్ళ సంగతి నేను ఎత్తను, నేనూ తెచ్చినవాణ్ణే.

కింద బరువుకు రేటు పెట్టి, లోపల వరుసలు పెంచి, మధ్యలో మమ్మల్ని ఒకళ్ళతో ఒకళ్ళను తగువులాడుకోమని వదిలేశారు. "మీ బ్యాగు కొంచెం జరుపుతారా" అన్న మాటతో మొదలై ఎక్కడిదాకా పోతుందో ప్రతి విమానంలోనూ చూస్తున్నదే.

ఇరుముడి సంగతి కూడా మీకు చెప్పాలి. 2024 అక్టోబరులో మీరు శబరిమల వెళ్ళే స్వాములకు ఇరుముడిలోని కొబ్బరికాయను క్యాబిన్‌లోకి తీసుకెళ్ళే వీలు కల్పించారు, 2025 జనవరి 20 దాకా. చాలా సంతోషపడ్డాం, మా వీధిలో మాల వేసుకున్నవాళ్ళందరూ ఆ వార్త ఫోన్లలో పంపుకున్నారు. ఆ సీజన్‌లోనే నేను హైదరాబాద్ నుంచి కొచ్చి వెళ్ళే విమానంలో ఉన్నాను, ముప్పై మందికి పైగా స్వాములు. ఇరుముడిని నేల మీద పెట్టరు, ఇంకొకరి కాళ్ళ దగ్గర పెట్టడమన్న మాటే లేదు. ఒళ్ళో పెట్టుకుంటే టేకాఫ్‌కి ఒప్పుకోరు, పైన చూస్తే ట్రాలీలు. ఒక పెద్ద స్వామి ఇరుముడి నెత్తిన పెట్టుకుని నడవాలో అలాగే నిలబడిపోయాడు. చివరికి ఎవరో ఒక కుర్రాడు తన బ్యాగు దింపి కాళ్ళ మధ్య ఇరికించుకుంటే అరలో చోటు దొరికింది. కొబ్బరికాయకు అనుమతి మీరు ఇచ్చారు, చోటు ఆ కుర్రాడు ఇచ్చాడు.

సౌకర్యం గురించే మాట్లాడుతున్నాననుకోకండి. విమానంలో ఏదైనా జరిగితే సగం తలుపులు వాడకుండా 90 సెకన్లలో అందరూ బయటపడగలగాలన్నది ప్రపంచమంతా పాటించే లెక్క. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వెళ్ళిన విమానం దుబాయ్‌లో నేలను తాకి మంటలంటుకున్నప్పుడు లోపల జనం పై అరలు తెరిచి బ్యాగులు దింపుకుంటున్న వీడియో అందరం చూశాం. విమానంలోని 300 మందీ బతికారు, కానీ మంటలార్పడానికి వచ్చిన ఒక ఫైర్‌మన్ చనిపోయాడు. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో మండుతున్న విమానం నుంచి 379 మంది దిగిపోయారు, బ్యాగులు అక్కడే వదిలేసి. మనవాళ్ళు కూడా వదిలేయాలి, నిజమే. కానీ కాళ్ళ మధ్య సగం లోపలికి, సగం బయటికి ఉన్న సంచిని దాటుకుని మా అమ్మ ఎంత వేగంగా లేవగలదో ఎవరైనా చూశారా? అమెరికా పార్లమెంటు 2018లో సీట్లకు కనీస కొలతలు పెట్టమని చట్టం చేస్తే అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఓక్లహోమాలో వందల మందితో విమానం ఖాళీ చేసి దిగే పరీక్షలు చేసింది, వాళ్ళలో 60 దాటినవాళ్ళు లేరు. చట్టం పెట్టిన గడువు దాటి ఏళ్ళు గడిచినా కొలత రాలేదు. అమెరికా చేయలేదు కాబట్టి మనకెందుకు అంటారేమో, యూరప్ చూడండి. 2014లోనే అక్కడి కోర్టు, ఓ మోస్తరు చేతి సంచి ప్రయాణికుడికి తప్పనిసరి అవసరమని, దానికి విడిగా డబ్బు గుంజకూడదని చెప్పింది. 2024 నవంబరులో స్పెయిన్ ఇలాంటి వసూళ్ళకే ఐదు ఎయిర్‌లైన్స్‌కి కలిపి 17.9 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఆ జరిమానా మీద వాదనలు వేరే సంగతి, కానీ 2025లో యూరప్ ఎయిర్‌లైన్స్ సంఘమే సీటు కింద పెట్టుకునే ఉచిత సంచి కనీసం 40, 30, 15 సెంటీమీటర్లు ఉంటుందని ఒప్పుకుంది. చిన్నదే, అయినా కొలత కొలతే.

నేను అడిగేది కూడా అంతేనండి, ఒక కొలత. ఏ విమానంలో ఏ వరుసలో ఏ సీటు కింద ఎంత జాగా ఉందో సీటు అమ్మే స్క్రీన్ మీదే చూపించమని చెప్పండి. ఇనుప డబ్బా ఉన్న సీటు, ముందు గోడ ఉన్న సీటు, ఎమర్జెన్సీ తలుపు పక్క సీటు, వీటన్నింటికీ అదనంగా డబ్బు తీసుకునేటప్పుడు కింద సంచి పట్టదన్న ముక్క కూడా చెప్పాలి కదా. ఇంకోటి, గేటు దగ్గర చట్రంలో పట్టిన సంచిని చోటు లేదని లాక్కుంటే రాతపూర్వకంగా రశీదు ఇవ్వాలి, మందులు, బ్యాటరీలు తీసుకోవడానికి రెండు నిమిషాలు కూర్చోబెట్టాలి, అది పోయినా పగిలినా బాధ్యత వాళ్ళదే అని ఉండాలి. కొత్త విమానాల్లో పెద్ద అరలు వస్తున్నాయి, పాతవాటికన్నా 60 శాతం ఎక్కువ బ్యాగులు పడతాయని ఎయిర్‌బస్ చెప్తోంది, బోయింగ్ వాళ్ళది నాలుగు పట్టేచోట ఆరు. వరుసలు పెంచుకోవడానికి దొరికిన డబ్బు వీటికి దొరకదా? ఆ మాట మీరు అడిగితే వాళ్ళు వింటారు, నేను అడిగితే కస్టమర్ కేర్ వాళ్ళు క్షమాపణ మెసేజ్ పంపుతారు. నాకు వచ్చింది కూడా.

మీరు తలుచుకుంటే అవుతుందని 2025 డిసెంబరులో చూశాం. వేల విమానాలు రద్దయి టికెట్లు ఆకాశానికంటితే 500 కిలోమీటర్ల లోపు 7,500 దాటకూడదని ఆర్డరు వేశారు. విమానాశ్రయంలో పది రూపాయలకు టీ ఇప్పించిందీ మీరే, కలకత్తాలో తాగాను, బాగుంది.

ఒక్కసారి ముందు వరుస వదిలేసి, చివర్లో బోర్డింగ్ పిలిచే గుంపులో ఎక్కి, 20 దాటిన వరుసలో కూర్చుని మీ సంచి సీటు కింద పెట్టి చూడండి. మీరు వస్తున్నారని ముందుగా చెప్పకండి, చెప్తే పైన అర ఖాళీ చేసి ఉంచుతారు.

అమ్మ వచ్చే నెల బెంగళూరు రావాలి, కంటి ఆపరేషన్ ఉంది. విమానం టికెట్ తీస్తానంటే వద్దు, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కి తియ్యమంది. ఒక రోజు పైనే ప్రయాణం, ఆ మోకాళ్ళతో. కింద బెర్తు దొరికితే సంచి కాళ్ళ కింద పెట్టుకుని పడుకుంటానంటోంది. సీనియర్ సిటిజన్ కోటాలో దొరకలేదు, మామూలుగా వేస్తే వెయిటింగ్ లిస్టు 14.

ఇట్లు,
పలాస ఓటరు ఒకడు, ప్రస్తుతం బెంగళూరు