అంగిలి కూడా చూడండి

సంపాదకునికి,

మా శ్రీకాకుళం తీరంలో చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలు ఇప్పటికీ ఉన్నారు. వేడీ పొగా నేరుగా అంగిలికే తగులుతాయి. మా పెద్దమ్మ అంగిట్లో తెల్లమచ్చ, దాని మీద ఎర్రటి చుక్కలు చాన్నాళ్లుగా ఉన్నాయట. ముద్ద మింగితే మంట పుట్టేదాకా మేమెవరం టార్చి వేసి చూడలేదు. ఆ తప్పు మాదే.

క్యాన్సరేమోనని ముక్క తీసి చేసిన బయాప్సీ రిపోర్టు వచ్చాక ఇంకో టెన్షన్. అందులో ‘పి53’, ‘కేఐ-67’ అని ఉంది. విడమరిచి చెప్పినవారు లేరు. కేఐ-67 కణాలు ఎంత జోరుగా విభజన చెందుతున్నాయో చూపే ప్రొటీన్. పి53 దెబ్బతిన్న కణాన్ని ఆపాల్సిన కాపలాదారు. ఈ రెండింటిని మాత్రమే చూసి మనిషి బతుకుతుందో లేదో తేల్చలేరు. క్యాన్సర్ గడ్డ ఎంత లోతుకు దిగింది, మెడ గ్రంథులకు పాకిందా అన్నవే ముఖ్యం. లోతు 5, 10 మిల్లీమీటర్లు దాటడాన్ని బట్టి దశ మారుతుంది. ఇది తెలియక మా ఇంట్లో వారం రోజులు ఎవరికీ అన్నం సహించలేదు.

రిపోర్టుతో పాటు తెలుగులో నాలుగు ముక్కల వివరణ ఇవ్వాలి. ఊళ్లోకొచ్చి బీపీ, షుగర్ చూసే సిబ్బంది నోరు తెరిపించి అంగిలి కూడా చూడాలి. రెండు వారాలైనా మానని పుండు కనిపిస్తే వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి.

- ఒక పాఠకుడు, సోంపేట, శ్రీకాకుళం జిల్లా