రెండో నేమ్ సర్వర్ వేరే చోట పెట్టండి

ఎడిటర్ గారూ, సొంత డొమైన్ నడిపేవాళ్లు చాలామంది ఒకే మెషిన్‌కి రెండు ఐపీలు (నెట్‌లో మెషిన్‌ని గుర్తించే నంబర్లు) ఇచ్చేసి ప్రైమరీ, సెకండరీ డీఎన్ఎస్ (సైట్ పేరు అడిగితే దాని ఐపీ చెప్పే మొదటి, రెండో నేమ్ సర్వర్లు) అయిపోయిందనుకుంటున్నారు, ఆ మెషిన్ పడిపోతే రెండూ పోతాయి కదండీ, సైటూ ఉండదు మెయిలూ రాదు. సెకండరీ వేరే నెట్‌వర్క్‌లో, దూరంగా వేరే చోట ఉండాలని 1997లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2182 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలోనే చెప్పారు.

నేను చేసిన తప్పు ఇంకోటి, జోన్ ఫైల్లో (డొమైన్ అడ్రస్‌లు రాసి ఉండే ఫైల్) అడ్రస్ మార్చి సీరియల్ నంబర్ పెంచడం మర్చిపోయా, అది పెరిగితేనే ఫైల్ మారిందని సెకండరీకి తెలుస్తుంది. ప్రైమరీ కొత్త ఐపీ చెప్తోంది, సెకండరీ పాతదే పట్టుకుని కూర్చుంది, కొంతమందికి సైట్ వస్తోంది కొంతమందికి రావట్లేదు, రెండు రోజులు తల పట్టుకున్నా. సీరియల్ నంబర్ చివర 01ని 02 చేసి రీలోడ్ కొట్టగానే సెకండరీ కొత్త జోన్ లాగేసుకుంది. ఫైర్‌వాల్‌లో డీఎన్ఎస్ వాడే 53 నంబర్ పోర్టుని యూడీపీతో పాటు టీసీపీకి కూడా (డేటా పంపే రెండు పద్ధతులు) తెరవాలి, జోన్ ట్రాన్స్‌ఫర్ (జోన్ మొత్తం కాపీ ఇవ్వడం) మాత్రం సెకండరీకి తప్ప ఎవరికీ ఇవ్వొద్దు. మీ టెక్నాలజీ పేజీలో దీని గురించి కాస్త వివరంగా రాయించండి ప్లీజ్.

– ఒక పాఠకుడు