‘ఎంతయింది?’ అని అడుగుతున్నారు

సంపాదకులకు నమస్కారం.

మొన్న మాఘమాసంలో బొబ్బిలిలో బంధువుల పెళ్లికి వెళ్లాం. మా అబ్బాయి వాళ్లు దత్తత తెచ్చుకున్న, మూడేళ్లు దాటిన మా మనవరాలు నా ఒళ్లో కూర్చుని బూందీ తింటోంది. పక్క కుర్చీలోని పెద్దాయన దాని తల నిమిరి, “పెంచుకున్న గుంటేనా ఇది? ఎంతయిందేటి?” అని అడిగారు. ఆయన చెడ్డమనిషి కాదు. కూతురికి పెళ్లై తొమ్మిదేళ్లయినా పిల్లల్లేరట. ఎక్కడైనా బిడ్డ ఉంటే చూడమని తర్వాత నన్ను పక్కకు పిలిచి బతిమాలారు.

నేనూ ఒకప్పుడు అలాగే ఆలోచించాను. ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేశాను. మా అబ్బాయికి, కోడలికి పిల్లలు కలగలేదు. 2019లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసే మనిషి రెండున్నర లక్షలిస్తే మగబిడ్డను ఇప్పిస్తానని, జనన ధ్రువపత్రంలో కోడలి పేరే రాయిస్తానని చెప్పాడు. బ్యాంకు నుంచి డబ్బు తెచ్చి బీరువాలో పెట్టాను కూడా. కోడలే అడ్డుపడింది. “ఆ బిడ్డని తల్లే ఇచ్చిందో, ఎవరైనా ఎత్తుకొచ్చారో మనకెలా తెలుస్తుంది మామయ్యా?” అంది. నేను జవాబు చెప్పలేకపోయాను.

తర్వాత అంగన్‌వాడీ టీచరు చెబితే శ్రీకాకుళంలో జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లాం. అప్పటికి మా రాజాం ఆ జిల్లాలోనే ఉండేది. 2020లో దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ‘కారా’ వెబ్‌సైట్‌లో పేర్లు నమోదయ్యాయి. వాళ్లు ఇంటికి వచ్చి జీతం, ఆరోగ్యం అన్నీ రాసుకున్నారు. బిడ్డ వస్తే మీకు ఇష్టమేనా అని నన్నూ విడిగా అడిగారు. ఆపైన మూడేళ్లు ఎదురుచూశాం. ఆ టెన్షన్ మామూలుది కాదు, కోడలు ఫోను పక్కన పెట్టుకునే నిద్రపోయేది. చివరికి బిడ్డ ఫొటో, వివరాలు వచ్చాయి. 48 గంటల్లో చెప్పాలన్నారు, మా అబ్బాయి, కోడలు ఆ పూటే సరే అన్నారు. రాయలసీమలోని ఒక శిశుగృహ నుంచి ఏడు నెలల పిల్లను తెచ్చుకున్నాం. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు కోర్టుకు బదులు కలెక్టరే ఇస్తున్నారు. ఎంతయిందంటే, ప్రభుత్వం పెట్టిన ఫీజు అయింది. దానికి రసీదులు ఉన్నాయి.

డబ్బిచ్చి బిడ్డను తెచ్చుకుంటే 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ఐదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆసుపత్రి సిబ్బందికైతే మూడు నుంచి ఏడేళ్లు. బీరువాలో డబ్బు పెట్టిన రోజు నాకు ఇదేమీ తెలియదు. తెలిసి ఉంటే ఆ మనిషిని గుమ్మం కూడా ఎక్కనిచ్చేవాణ్ని కాదు.

బిడ్డను పెంచలేని తల్లికీ దారి ఉంది. బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డను అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువిస్తారు. వివరాలు బయటపెట్టరు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే పలుకుతారు. ఇది తెలియకే కదా తుప్పల్లో, చెత్తకుండీల దగ్గర పసికందులు దొరుకుతున్నారు! ప్రసూతి వార్డుల్లో, బస్టాండుల్లో గోడల మీద పెద్ద అక్షరాలతో ఈ నాలుగు ముక్కలూ రాయించాలని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల అధికారులను వేడుకుంటున్నాను.

పాఠకులకు ఒక మనవి. పిల్ల ముందు “ఎవరి గుంట, మీ పోలిక లేదే” అనకండి. మేం దానికి ఏదీ దాచడం లేదు. విజయనగరంలో రైలెక్కి వెళ్లి ఎలా తెచ్చుకున్నామో రాత్రిపూట నేనే చెబుతాను. “నా రైలు కథ చెప్పు తాతా” అని అదే అడుగుతుంది. ఆ కథ అది ముందు మా నోటి నుంచి వినాలి, పెళ్లి పందిట్లో కాదు.

ఆ పెద్దాయన కూతురినీ అల్లుణ్నీ వచ్చే సోమవారం విజయనగరంలోని బాలల సంరక్షణ విభాగం ఆఫీసుకు నేనే తీసుకెళ్తున్నాను.

పిల్ల వివరాలు బయటపడకూడదు కాబట్టి నా పేరు వేయవద్దని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత కండక్టరు, రాజాం, విజయనగరం జిల్లా