ఇంటి పాటల వీడియోలు: ముందు ధ్వని సరిచేసుకోండి

సంపాదకుల వారికి,

నమస్కారం. వరంగల్, హనుమకొండ, జనగామ, ములుగు జిల్లాల్లో పాడే గొంతున్న ఇంటి నుంచి వీడియో రావడం ఇప్పుడు మామూలైంది. హార్మోనియం ముందు పెట్టుకుని భజన పాడే పెద్దమనిషి, సంగీత కళాశాలకు పోతున్న అమ్మాయి, బతుకమ్మ పాటలు ఎత్తుకునే అత్తాకోడళ్లు, డప్పు నేర్చుకుంటున్న పిల్లలు, అందరూ ఫోను ముందు కూర్చుంటున్నారు. పాటలో లోపం లేదు, పట్టుకోవడంలోనే ఉంది. గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది, ఢోలక్ మోగినప్పుడల్లా మాట మునిగిపోతుంది, పెదవులకూ పాటకూ పొంతన కుదరదు. వీటిని సరిచేయడానికి కొత్త కెమెరా అక్కర్లేదు, రింగ్ లైటూ అక్కర్లేదు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా పాట వింటారు, మాట తెలియకపోతే మాత్రం ఎవరూ ఆగరు. ఇప్పుడే మొదలుపెడుతున్నవాళ్లకు పనికొస్తుందని ఈ వివరాలు రాస్తున్నాను.

మొదట గది చూసుకోవాలి. స్లాబు కప్పు, కింద టైల్సు లేదా శాబాద్ బండలు, నాలుగు వైపులా నున్నటి గోడలు. మన ఇళ్లలో ఇదే ఎక్కువ. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టండి. చివర సన్నటి మోత సాగితే అదే మోత ప్రతి అక్షరానికీ అంటుకుంటుంది. దీనికి మందు మన ఊళ్లోనే ఉంది. వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలు (2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినవే) రెండు కింద పరిచి, రెండు పాడేవాళ్ల వెనకా పక్కనా తాడు మీద వేలాడదీయండి. గోడకు ఆనించకుండా నాలుగంగుళాలు వదలాలి. గోడకు అంటుకున్న గుడ్డ ధ్వనిని పెద్దగా పీల్చదు. జంపఖానా సన్నని మోతను తగ్గిస్తుంది గానీ గుమ్మనే మంద్ర మోతను ఆపలేదు. దానికి దూది బొంతలు గానీ, పరుపు గానీ మూలల్లో నిలబెట్టాలి. గది మూలలోనూ సరిగ్గా నడిమధ్యనా కూర్చోకూడదు, గది పొడవులో మూడో వంతు దగ్గర కూర్చుంటే మేలు.

ఫ్యాను ఆపక తప్పదు. ఎండాకాలంలో ఇది కష్టమే. తెల్లవారుజామున పెట్టుకుని, ఒక్కో పాటకూ మధ్య ఫ్యాను వేసుకుంటే సరిపోతుంది. కాజీపేట రైలు మార్గం పక్కన ఉండేవాళ్లు బండ్ల వేళలు చూసుకోవాలి, ఇంజన్ హారన్‌ను సాఫ్ట్‌వేరుతో పాట పాడవకుండా తీసేయడం కష్టం. ఫోనుకు ఛార్జర్ పెట్టి రికార్డు చేస్తే, ముఖ్యంగా కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు, బాహ్య మైకులో జుమ్మనే శబ్దం చేరే అవకాశం ఉంది. బ్యాటరీ నింపుకుని, ఛార్జర్ తీసేసి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.

ఇక అసలు చిక్కు. ఫోను కెమెరా యాప్ మాట్లాడే గొంతు కోసం తయారైంది, ధ్వని స్థాయిని తనే పెంచుతుంది, తనే తగ్గిస్తుంది. చిడతలదో డప్పుదో ఒక్క దెబ్బ పడగానే స్థాయిని దించేస్తుంది. ఆ తర్వాత వచ్చిన రెండు మూడు మాటలు సన్నగిల్లి, మెల్లగా మళ్లీ పైకి లేస్తాయి. పాట ఆగిన చోట పక్కింటి మిక్సీ కూడా వినిపిస్తుంది. ఎడిటింగ్‌లో దీన్ని పూర్తిగా సరిదిద్దడం కుదరదు. ఆండ్రాయిడ్‌లో ఉచితంగా దొరికే ఓపెన్ కెమెరా యాప్‌లో ఆడియో సోర్స్ అనే చోట అన్‌ప్రాసెస్డ్ ఎంచుకోండి. చాలా ఫోన్లలో ఈ ఎగుడుదిగుడు అంతటితో తగ్గుతుంది. ఇంకా మంచి దారి, ఇంట్లో ఉన్న రెండో ఫోనును ధ్వనికి మాత్రమే వాడడం. అందులోని రికార్డింగు యాప్‌లో వేవ్ (ధ్వనిని కుదించకుండా దాచే) ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టండి. ఒక్క మైకు అయితే నిమిషానికి 9 ఎంబీ కూడా కాదు. పాటలో అతి గట్టిగా పాడే చరణం ముందుగా పాడించి, స్థాయి మీటరు మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉండేలా చూసుకోండి. సున్నాను తాకిందంటే శబ్దం పగిలినట్టే.

రెండో ఫోను ఎక్కడ పెట్టాలన్నదే సగం పని. హార్మోనియం వాయిస్తూ పాడేవాళ్లకు కాలర్ మైకు ఛాతీ మీద పెడితే రీడ్ల శబ్దమూ, తిత్తి కొట్టే చప్పుడూ గొంతును మింగేస్తాయి. రెండో ఫోనును నోటి ఎత్తులో చిన్న స్టాండు మీద, ఒకటిన్నర నుంచి రెండడుగుల దూరంలో, తిత్తికి అవతలి పక్కన పెట్టండి. ఢోలక్ వాయించేవారు మైకుకు నాలుగైదు అడుగుల వెనక ఉండాలి, తాళాలు, చిడతలు ఇంకా వెనక. డప్పయితే ఎనిమిది, పది అడుగులు. మరీ దగ్గర పెడితే యాప్‌లో స్థాయి ఎంత తగ్గించినా మైకు లోపలే శబ్దం పగిలిపోతుంది. తక్కువ ధర వైర్‌లెస్ మైకులు కొనేవాళ్లు వాటి మీదుండే నాయిస్ తగ్గించే బటన్‌ను ఆపేయాలి. ఆ బటన్ మారకుండా సాగే శబ్దాన్ని రొదగా లెక్కేస్తుంది. తంబుర, శ్రుతిపెట్టె, హార్మోనియం నిలుపు స్వరం దాని లెక్కలో రొదే, అందుకే శ్రుతి వచ్చిపోతూ ఉంటుంది. వైరున్న కాలర్ మైకైతే ప్లగ్గు మీద మూడు నల్ల గీతలుండాలి. రెండే ఉంటే ఫోను దాన్ని గుర్తించకుండా తన సొంత మైకుతోనే రికార్డు చేసుకుంటుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లో ట్రాక్ (గొంతు లేని వాద్య సంగీతం) వింటూ పాడొద్దు. ట్రాక్ చెవికే ఆలస్యంగా చేరుతుంది కాబట్టి పాట మొత్తం తాళానికి వెనకపడుతుంది.

బతుకమ్మ గురించి వేరుగా చెప్పాలి. వాకిట్లో వలయంగా తిరుగుతూ ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునే పాట అది. మైకును వలయం బయట పెడితే ఎత్తుకునే గొంతు ప్రతి చుట్టుకూ దగ్గరికొచ్చి దూరమవుతుంది. వలయం నడుమ, పేర్చిన బతుకమ్మల పక్కన పెడితే అందరూ ఒకే దూరంలో ఉంటారు. అయితే వంగి కొట్టే చప్పట్లు నడుము ఎత్తులో పడతాయి, మైకు కూడా ఆ ఎత్తులోనే ఉంటే చప్పట్లే వినిపించి మాటలు పోతాయి. కర్రకు కట్టి ఆరున్నర అడుగుల ఎత్తులో నిలపండి. కెమెరా ఫోను డాబా మీద ఉంటే వలయమంతా కనిపిస్తుంది.

బొమ్మ విషయానికొస్తే, లెన్సు తుడవండి. కిటికీ వెలుగు పక్కనుంచి పడాలి, వెనకనుంచి వద్దు. తెర మీద ముఖాన్ని కాసేపు నొక్కిపట్టి ఫోకస్, వెలుతురు లాక్ చేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి బల్బుల వెలుగు సెకనుకు 100 సార్లు అదురుతుంది. షట్టర్ వేగం 1/50 లేదా 1/100 సెకను పెడితే తెర మీద నల్ల పట్టీలు పారవు.

రికార్డింగు మొదలయ్యాక రెండు ఫోన్లకూ కనిపించేలా, వినిపించేలా ఒక చప్పట్టు కొట్టాలి. ఎడిటింగ్‌కు కంప్యూటర్‌లో షాట్‌కట్, కేడెన్‌లైవ్, డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్, ఈ సాఫ్ట్‌వేర్లలో ఏదైనా సరే. చేతులు కలిసిన ఫ్రేమునూ ధ్వని గీతలో నిటారుగా లేచిన మొననూ ఒకదాని కింద ఒకటి పెట్టి, కెమెరా ఫోను ధ్వనిని మ్యూట్ చేయండి. సెకనుకు 30 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము 33 మిల్లీసెకన్లు. ధ్వని ముందుంటే కన్ను తొందరగా పసిగడుతుంది, వెనకుంటే ఓర్చుకుంటుంది, దూరపు చప్పుడు ఎప్పుడూ చూపు తర్వాతే వస్తుంది గనక. మొదట్లో కలిసి, చివరికొచ్చేసరికి తేడా వస్తుంటే ఫోను వెలుతురు తక్కువైనప్పుడు ఫ్రేముల వేగం మార్చుకుని ఉండొచ్చు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ పెట్టి మార్చి, ఆ ఫైలుతో పని చేయండి. పాట ధ్వనిని ముక్కలు చేయొద్దు, బొమ్మనే మార్చండి, అదీ పల్లవి ముగిసిన చోటో తాళం సమం పడిన చోటో.

ధ్వనిని ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో సరిచేయొచ్చు. గొంతు ఒక్కదానికే 80 హెర్ట్జ్ కింది శబ్దం కోసేయండి, ఢోలక్ ఉన్న ట్రాకులో మాత్రం కోయకండి. నాయిస్ తగ్గింపు 6 డెసిబెల్స్ దాటితే గొంతులో లోహపు జీర చేరే అవకాశం ఉంది. ఎకో, రెవర్బ్ మీద మనవాళ్లకు మోజు ఎక్కువ. వేసినట్టు తెలుస్తోందంటే అది ఎక్కువైనట్టే, సగానికి తగ్గించండి. ఆటోట్యూన్ జోలికి అసలు పోవద్దు. స్వరాన్ని దగ్గర్లో ఉన్న మెట్టు మీదికి లాగి గమకాన్ని చదును చేస్తుంది. మన పాటలో ప్రాణమే అది. చివరగా లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌లో (పాట మొత్తం గట్టిదనాన్ని ఒక స్థాయికి తెచ్చే చోట) ముందే ఉండే మైనస్ 23ను మైనస్ 14కు మార్చండి. యూట్యూబ్ అంతకంటే గట్టిగా ఉన్నదాన్ని తగ్గిస్తుంది, మెల్లగా ఉన్నదాన్ని పెంచదు. ఆ పెంపులో మొనలు సున్నా దాటొచ్చు, కనుక తర్వాత మొనలను అదుపుచేసే లిమిటర్‌ను మైనస్ 1 డెసిబెల్ దగ్గర పెట్టాలి. 1080పీ వీడియోను సెకనుకు 12 మెగాబిట్లతో, తీసిన ఫ్రేమ్‌రేటులోనే ఎక్స్‌పోర్టు చేయండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపితే కుదింపు ఉండదు.

సినిమా పాటల మీద, ట్రాకుల మీద హక్కుల అభ్యంతరం వస్తుంది. పాట రాసినవారు, బాణీ కట్టినవారు పోయాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది. తరతరాల జానపదం పాడుకోవచ్చు గానీ, ఇంకొకరి చానెల్‌లోని వాద్య సంగీతాన్ని కింద వేసుకుంటే దాని మీద హక్కు వారిదే.

మీ ద్వారా ఒక విన్నపం. వరంగల్‌లో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది, జానపద గిరిజన విజ్ఞానపీఠం ఉంది. బతుకమ్మకు ముందు ఈ రెండు చోట్లా ఒక పూట చొప్పున, ఫోనుతో పాట రికార్డు చేయడం నేర్పే తరగతి పెడితే బాగుంటుంది. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ ఊరూరా పాట ఉంటుంది. పెద్దవాళ్ల నోట మాత్రమే మిగిలిన పాటలు ఆ రోజుల్లోనే బయటికొస్తాయి. అలా పట్టుకున్నవాటి అసలు ఫైళ్లను, ఎడిటింగ్ చేయని వేవ్‌నూ వీడియోనూ, రెండు చోట్ల దాచాలి. ఫైలు పేరులో ఊరు, పాడినవారి పేరు, తేదీ, పాట మొదటి మాట రాసుకోవాలి. పాడినవారిని అడిగి, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో వారి గొంతుతోనే చివర ఒక నిమిషం రికార్డు చేసుకోవాలి.

ఇట్లు,
సౌండ్ రికార్డింగ్ పనిలో ఉన్న ఒక పాఠకుడు,
హనుమకొండ